మీ ఊరి పాత రైలు వంతెనకు డబ్బు పడిందా? పింక్ బుక్ తెరిచి చూసుకోవడం, లేకపోతే అడగడం ఎలా

బడ్జెట్ రోజు సాయంత్రానికల్లా రైల్వే మీద ఒకే రకం వార్త వస్తుంది. ఆంధ్రకు ఇంత, తెలంగాణకు ఇంత. 2025-26లో ఏపీకి 9,417 కోట్లు, తెలంగాణకు 5,337 కోట్లు అన్నారు, ఆ రెండు అంకెలు పట్టుకుని వారం రోజులు కొట్టుకున్నాం. ఆ డబ్బులో కొత్త లైన్లకు ఎంత, స్టేషన్ల ముఖద్వారాలకు ఎంత, మీరు రోజూ దాటే పాత వంతెనకు, అరిగిపోయిన పట్టాకు, కాలం చెల్లిన సిగ్నల్ కేబుల్‌కు ఎంత అన్నది మాత్రం ఎవరూ అడగరు. నిజానికి అది రహస్యం కాదు. రైల్వే వాళ్లే పింక్ బుక్ అనే పుస్తకం వేసి వెబ్‌సైట్‌లో పెడతారు. చూడటం తెలియాలి, అంతే.

ఇది ఆ పుస్తకం చూడటం, అందులో మీ పని లేకపోతే దాన్ని అందులోకి ఎక్కించేలా అడగడం గురించి. ఒక్క రోజులో అయ్యేది కాదు, ఒకరకంగా ఏడాది పని. కానీ కష్టమైన పని కాదు, ఖర్చు కూడా పెద్దగా ఉండదు.

ముందు కొంచెం నేపథ్యం, లేకపోతే అంకెలు అర్థం కావు. మన దేశంలో రైల్వే వంతెనలు దాదాపు లక్షన్నర, అందులో 30 వేలకు పైగా వందేళ్లు దాటినవి. వందేళ్లు దాటిందంటే కూలిపోతుందని కాదు, దయచేసి వాట్సాప్‌లో అలా పెట్టకండి. రాజమండ్రిలో 1900లో తెరిచిన హేవలాక్ వంతెన 1997 దాకా బండ్లను మోసింది, తర్వాతే విశ్రాంతి ఇచ్చారు. రాతి ఆర్చి వంతెనలైతే ఇంకా గట్టివి. అసలు చూడాల్సింది వయసు కాదు, పరిస్థితి. ఆ వంతెన కట్టినప్పుడు నడిచిన బండ్ల బరువుకు, ఇప్పటి గూడ్సు బండ్ల బరువుకు పోలికే లేదు, పైగా వరద వచ్చే తీరు కూడా మారింది. పట్టాకైతే వయసును ఏళ్లలో కూడా లెక్కపెట్టరు, దాని మీద ఎన్ని కోట్ల టన్నులు వెళ్లాయన్నదే లెక్క.

డబ్బు సంగతి. సిద్ధాంతం ప్రకారం ప్రతి ఆస్తికీ ఏటా కొంత తరుగుదల కింద పక్కన పెట్టాలి, అది పాతబడే నాటికి కొత్తది వేయడానికి. దీనికోసం తరుగుదల నిధి అని ఒకటి ఉంది. కానీ రైల్వే వంద రూపాయలు సంపాదిస్తే 98 రూపాయల దాకా నడపడానికే అయిపోతున్నాయి, ఇక పక్కన పెట్టేదేమిటి? అందుకే కొన్నేళ్లకోసారి బకాయిలన్నీ పేరుకుపోయాక ప్రత్యేక నిధి పెడతారు. 2001లో 17,000 కోట్లతో ప్రత్యేక రైల్వే భద్రతా నిధి వచ్చింది. 2012లో అనిల్ కకోద్కర్ కమిటీ ఐదేళ్లలో లక్ష కోట్లు కావాలంది. 2017-18లో అదే లక్ష కోట్లతో రాష్ట్రీయ రైల్ సంరక్షా కోశ్ పెట్టారు, ఏటా 15 వేల కోట్లు కేంద్రం, 5 వేల కోట్లు రైల్వే తన సొంత రాబడి నుంచి వేయాలి. 2022లో కాగ్ (ప్రభుత్వ ఖాతాలు తనిఖీ చేసే సంస్థ) లెక్క చూస్తే, మొదటి నాలుగేళ్లలో రైల్వే తన వంతు 20 వేల కోట్లలో ముప్పాతిక వంతుకు పైగా వేయలేకపోయింది. ఆ భద్రతా నిధిలోంచే కాళ్లు నొక్కే మెషీన్లు, వంటగది సామాన్లు లాంటివి కొన్నారని కూడా అందులోనే ఉంది. 2017-21 మధ్య పట్టాలు తప్పిన ఘటనలు 1,127, వాటిలో 289 పట్టాల పునరుద్ధరణకు సంబంధించినవి అని అదే నివేదిక చెప్పింది.

కాబట్టి డబ్బు వస్తోంది, లేదనడానికి లేదు. ఎటు పోతోందన్నదే చూసుకోవాలి.

పింక్ బుక్ ఎక్కడుంటుంది, ఎలా చదవాలి

అసలు పేరు పొడవుగా ఉంటుంది, 'వర్క్స్, మెషినరీ అండ్ రోలింగ్ స్టాక్ ప్రోగ్రామ్'. అందరూ పింక్ బుక్ అనే అంటారు. బడ్జెట్ తర్వాత భారతీయ రైల్వే వెబ్‌సైట్‌లో జోన్ల వారీగా పీడీఎఫ్‌లు పెడతారు. తెలంగాణ వాళ్లకు ఎక్కువగా దక్షిణ మధ్య రైల్వే. ఆంధ్ర వాళ్లకు కొంచెం తలనొప్పి ఉంది: విజయవాడ, గుంటూరు, గుంతకల్లు డివిజన్లు దక్షిణ మధ్య రైల్వేలో, వాల్తేరు ఈస్ట్ కోస్ట్ రైల్వేలో ఉంటూ వచ్చాయి, విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా జోన్ వచ్చాక వాల్తేరులో రాయగడ డివిజన్‌గా విడిపోయిన భాగం ఈస్ట్ కోస్ట్‌లోనే, మిగతావన్నీ దాని కిందకు. అందుకని పాత సంవత్సరాలతో పోల్చేటప్పుడు పాత జోన్ పుస్తకం కూడా తెరవాల్సిందే, ఒకదాంట్లో కనిపించకపోతే మీ పని ఎగిరిపోయిందనుకోకండి.

తెరవగానే భయపడకండి, వందల పేజీలుంటుంది. పనులన్నీ 'ప్లాన్ హెడ్' అనే అంకెల కింద విడగొట్టి ఉంటాయి. 11 అంటే కొత్త లైన్లు, 15 డబ్లింగ్. పేపర్లో వచ్చేవి ఇవే. 53 ప్రయాణికుల సౌకర్యాలు, అంటే ప్లాట్‌ఫారాలు, లిఫ్టులు, రూఫులు. మనకు కావాల్సినవి 31, 32, 33. 31 పట్టాల పునరుద్ధరణ, 32 వంతెన పనులు, 33 సిగ్నల్, టెలికాం. వీటితో పాటు 29, 30 కూడా చూడండి, అవి లెవెల్ క్రాసింగ్‌లు, వాటి మీద కట్టే ఆర్వోబీలు, కింద తవ్వే ఆర్‌యూబీలు. (ఆర్‌యూబీల గురించి ఒక మాట: గేటు తీసేసి కింద దారి తవ్వారు, ప్రాణాలు నిలిచాయి, సంతోషం, కానీ వానపడితే నడుంలోతు నీళ్లు. నీళ్లు పోయే దారి ఆ ఎస్టిమేట్‌లోనే ఉందా లేదా అని పని మొదలు కాకముందే అడగాలి, తర్వాత రైల్వే, పంచాయతీ ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు.)

ప్రతి పని ఎదురుగా మొత్తం అంచనా వ్యయం, గతేడాది వరకు అయిన ఖర్చు, ఈ ఏడాది కేటాయింపు ఉంటాయి. ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు. అంకెలన్నీ వేల రూపాయల్లో ఉంటాయి. 1,00,000 అని ఉంటే లక్ష కాదు, పది కోట్లు. ఒట్టి '1' అని ఉంటే వెయ్యి రూపాయలు, అంటే పని పుస్తకంలోంచి పోకుండా పేరు నిలబెట్టడానికి వేసిన నామమాత్రపు కేటాయింపు. మీ వంతెన ఎదురుగా మూడేళ్లుగా '1' కనిపిస్తోందంటే మంజూరైంది అని మీ నాయకుడు చెప్పేదీ నిజమే, పని జరగట్లేదని మీరనేదీ నిజమే.

డబ్బు ఏ నిధి నుంచి అన్నది కూడా రాసి ఉంటుంది: క్యాపిటల్, తరుగుదల నిధి, సంరక్షా కోశ్, అలా. దాన్ని రాసిపెట్టుకోండి, ఉత్తరంలో ఆ నిధి పేరు వాడితే చదివేవాడికి మీకు విషయం తెలుసని అర్థమవుతుంది.

ఒక చిక్కు. పట్టాల పనుల్లో చాలావాటిని ఊరి పేరుతో రాయరు, ఫలానా సెక్షన్‌లో కి.మీ. ఇంత నుంచి ఇంత వరకు అని ఉంటుంది, లేదా జోన్ మొత్తానికి కలిపి ఒకే గంపగుత్త పనిగా పెట్టేసి, దాని లోపల చిన్న పనులు డివిజన్ స్థాయిలో ఉంటాయి. అంటే పుస్తకంలో మీ పేరు లేదంటే పని లేదని ఖాయంగా చెప్పలేం. అప్పుడే ఆర్టీఐ, అంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు, అవసరం పడుతుంది. దానికి ముందు మీ దగ్గర స్థలం వివరం పక్కాగా ఉండాలి.

స్థలం వివరం, పట్టాల మీదకి దిగకుండా

రైలు లైను పక్క కరెంటు స్తంభాల మీద అంకెలు చూశారా, పైన కిలోమీటరు, కింద ఆ కిలోమీటరులో స్తంభం వరుస సంఖ్య. అదే రైల్వేకు చిరునామా. వంతెన అయితే పక్క గోడ మీద దాని నంబర్ రాసి ఉంటుంది, వరద ప్రమాద మట్టం గీత కూడా ఉంటుంది. గేటు దగ్గర రోడ్డు మీద నిలబడి, లేదా రైలు కిటికీలోంచి ఫోటో తీసుకుంటే చాలు. లైను మీద నడవకండి. అది రైల్వే చట్టం 147 సెక్షన్ కింద నేరం, ఆరు నెలల దాకా జైలు ఉంది, అంతకంటే ముందు ప్రాణం ఉంది.

ఇంకో ఆనవాలు వేగం. బండి రోజూ ఒకే చోట, సిగ్నల్ లేని చోట, ఈడుస్తూ వెళ్తుంటే అక్కడ కాషన్, అంటే వేగ నియంత్రణ, ఉందని అర్థం. పసుపు త్రిభుజం బోర్డు మీద నల్ల అంకె ఉంటుంది, 20, 30, అలా. లోకో పైలట్‌కు బయల్దేరే ముందే కాషన్ ఆర్డర్ కాగితం ఇస్తారు, ఎక్కడ ఎంత వేగం అని. పని జరుగుతున్న చోట కొన్ని రోజులు కాషన్ ఉండటం మామూలే. కానీ నెలలు, ఏళ్లు అదే అంకె నిలిచిపోతే అక్కడ బాగు చేయాల్సిన పని వాయిదా పడుతోందని అనుమానించాలి. ఫోన్‌లో జీపీఎస్ వేగం చూపించే యాప్ పెట్టుకుని రెండు మూడుసార్లు నోట్ చేసుకోండి, రోజూ ఆ బండికి వెళ్లే పాస్‌హోల్డర్లు నలుగురు కలిస్తే ఇంకా మంచిది.

విరిగిన పట్టా, కొట్టుకుపోయిన కట్ట లాంటిది కంటికి కనిపిస్తే మాత్రం ఈ వ్యాసం పక్కన పెట్టి వెంటనే దగ్గర్లోని గేట్‌మ్యాన్‌కో స్టేషన్ మాస్టర్‌కో చెప్పండి, 139కి ఫోన్ చేయండి.

ఆర్టీఐలో ఏం అడగాలి

కేంద్రం ఆర్టీఐ పోర్టల్‌లో పెట్టొచ్చు, ఫీజు 10 రూపాయలు, తెల్లరేషన్ కార్డు లాంటి బీపీఎల్ ఆధారం ఉన్నవాళ్లకు అదీ లేదు. పోస్టులో పంపితే తెలుగులో రాయొచ్చు, మీ ప్రాంత అధికార భాష కాబట్టి చట్టం ఒప్పుకుంటుంది. జోన్‌కో రైల్వే బోర్డుకో కాకుండా నేరుగా డివిజన్ పౌర సమాచార అధికారికి పెడితే ఒక మెట్టు తగ్గుతుంది. 30 రోజుల్లో జవాబు రావాలి.

'ఎందుకు బాగు చేయడం లేదు?' అని రాయకండి. ఎందుకు అన్న ప్రశ్నకు 'ఇది సమాచారం కిందకు రాదు' అని ఒక్క లైనులో తోసేస్తారు. కాగితాలు అడగండి. నేనైతే ఇలా రాస్తాను:

"ఫలానా సెక్షన్‌లో కి.మీ. ఫలానా దగ్గర ఉన్న వంతెన నం. ఫలానాకు సంబంధించి: (1) నిర్మించిన సంవత్సరం, (2) గత మూడేళ్ల వార్షిక తనిఖీలలో ఇచ్చిన ఓవరాల్ రేటింగ్ నంబర్, ఆ తనిఖీ రిజిస్టర్ పేజీల నకళ్లు, (3) ఈ వంతెనపై ప్రస్తుతం వేగ నియంత్రణ ఉంటే అది విధించిన తేదీ, వేగం, నమోదు చేసిన కారణం, (4) పునర్నిర్మాణానికి లేదా మరమ్మతుకు పంపిన ప్రతిపాదనల తేదీలు, ప్రస్తుత స్థితి, (5) మంజూరై ఉంటే పింక్ బుక్ ఐటమ్ నంబర్, గత మూడేళ్లలో ఏటా కేటాయింపు, ఏటా ఖర్చు."

ఆ రెండో ప్రశ్నే ప్రాణం. ప్రతి వంతెననూ ఏటా చూసి ఒక అంకె ఇస్తారు. 1 వస్తే వెంటనే మళ్లీ కట్టాలి లేదా బలపరచాలి, 2 వస్తే ప్రణాళికలో పెట్టి కట్టాలి, 3 అంటే పెద్ద మరమ్మతు, 4 మామూలు నిర్వహణ, 5 బాగుంది. 4, 5 వస్తే సంతోషించి ఇంకో సమస్య వెతుక్కోండి, ఊరికే గోల చేయకండి. 2 ఉండి, పింక్ బుక్‌లో పేరు లేకపోతేనో, '1' మాత్రమే ఉంటేనో మీకు దొరకాల్సింది దొరికినట్టే.

పట్టా గురించైతే ప్రశ్నలు వేరు: ఆ కిలోమీటర్లలో చివరిసారి పట్టా మార్చిన సంవత్సరం, మార్చాల్సిన గడువు దాటిందా, గత మూడేళ్లలో ఎన్ని పట్టా, వెల్డు విరుగుళ్లు నమోదయ్యాయి, అల్ట్రాసోనిక్ పరీక్ష ఎప్పుడెప్పుడు చేశారు.

భద్రతా కారణాలని చెప్పి 'ఇవ్వలేం' అంటారేమో. అప్పుడు 30 రోజుల్లో మొదటి అప్పీల్ వేసి, డిజైన్ డ్రాయింగులు వద్దు, రేటింగ్, తేదీలు, ఖర్చు చాలు, మిగతాది కొట్టేసి ఇవ్వండి, చట్టం 10వ సెక్షన్ అందుకే ఉందని రాయండి. అక్కడా కాకపోతే 90 రోజుల్లో కేంద్ర సమాచార కమిషన్. అక్కడ చాలా ఆలస్యం అవుతుంది, ముందే చెప్తున్నాను.

చెరువులను మర్చిపోవద్దు

మన రెండు రాష్ట్రాల్లో దీని గురించి విడిగా చెప్పాలి. 2005 అక్టోబర్ 29న వలిగొండ దగ్గర డెల్టా ప్యాసింజర్ ప్రమాదంలో వంద మందికి పైగా పోయారు. ఆ వంతెన చిన్నది. పైన చెరువు తెగి వచ్చిన నీళ్లకు కొట్టుకుపోయింది, చీకట్లో బండి వెళ్లి పడింది. 2024 సెప్టెంబర్ 1న మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె-కేసముద్రం మధ్య వరదకు కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి, కాజీపేట-విజయవాడ లైన్ రోజుల తరబడి ఆగింది. అదృష్టం, ఆ సమయానికి బండి లేదు.

తెగితే రైల్వే లైనుకు ముప్పు తెచ్చే చెరువుల జాబితా డివిజన్ దగ్గర ఉంటుంది, ఇంగ్లీషులోనే 'రైల్వే అఫెక్టింగ్ ట్యాంక్స్' అంటారు. వానాకాలానికి ముందు రైల్వే ఇంజనీర్లు, రాష్ట్ర నీటిపారుదల అధికారులు కలిసి వాటిని చూడాలి. మీ పైనున్న చెరువు ఆ జాబితాలో ఉందా, గత మూడేళ్లలో ఉమ్మడి తనిఖీ ఏ తేదీల్లో జరిగింది, ఏం రాశారు అని రైల్వేకొక ఆర్టీఐ, నీటిపారుదల శాఖకొకటి పెట్టండి. రెండు జవాబులూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరు ఎవరిని నమ్ముకుని కూర్చున్నారో తేలిపోతుంది. కొత్తగా తవ్విన, మైనింగ్‌తో కట్ట బలహీనపడిన కుంటలు జాబితాలో లేకపోవచ్చు, అది ఊళ్లోవాళ్లకే తెలుస్తుంది, చెప్పాల్సింది కూడా వాళ్లే.

అడగాల్సిన చోట, అడగాల్సిన నెలలో

ఎంపీకి జనవరిలో వినతిపత్రం ఇస్తే ఫోటో బాగా వస్తుంది, అంతే. ఫిబ్రవరి బడ్జెట్‌లో కనిపించే పనులకు డివిజన్లు ప్రతిపాదనలు పంపడం అంతకుముందు ఏడాది మధ్య నుంచే మొదలవుతుంది, ఇప్పుడవి ఆన్‌లైన్‌లోనే జోన్‌కు, అక్కణ్నుంచి బోర్డుకు వెళ్తున్నాయి. కాబట్టి మీ కాగితాలు వేసవికల్లా చేతిలో ఉండాలి, వానలు మొదలయ్యేలోపు డీఆర్‌ఎంకు (డివిజనల్ రైల్వే మేనేజర్), సీనియర్ డివిజనల్ ఇంజనీర్‌కు ఉత్తరం చేరాలి. ఒకటిన్నర పేజీ మించకుండా, వంతెన నంబర్, రేటింగ్, ఎన్నాళ్లుగా కాషన్, పింక్ బుక్ పేజీ, కావాల్సింది ఒక్కటే వాక్యంలో. వందేభారత్ హాల్టు కూడా అదే ఉత్తరంలో అడిగారా, మీ వంతెన గతి అంతే. హాల్టు సంగతి పట్టుకుని దాని జవాబే రాస్తారు.

జోన్ జీఎం ఎంపీలతో సమావేశం పెట్టినప్పుడు మర్నాడు పేపరు చూడండి. కొత్త బండి, హాల్టు, ఆర్వోబీ, హాల్టు, స్టేషన్ సుందరీకరణ. పైకప్పు కారుతుంటే గోడలకు రంగులు వేయించమన్నట్టు ఉంటుంది. తప్పు ఎంపీలదే అనను, మనం అడిగేవి కూడా అవే. సికింద్రాబాద్ స్టేషన్‌కు సుమారు 700 కోట్లు పెడుతున్నారు, అది వద్దని కాదు, కానీ స్టేషన్ ఫోటో తీయొచ్చు, మార్చిన పట్టాకు ఎవరు రిబ్బన్ కత్తిరిస్తారు? అందుకే ఎంపీ ఆఫీసుకు వెళ్లినప్పుడు వినతిపత్రం కంటే ప్రశ్న రాసివ్వండి. పార్లమెంటులో అడిగేందుకు సిద్ధంగా: "ఫలానా డివిజన్‌లో రేటింగ్ 1, 2 ఉన్న వంతెనలు ఎన్ని, వాటిలో ఎన్నింటికి పని మంజూరైంది, ఈ ఏడాది ఎంత ఖర్చయింది?" జవాబు రావాల్సిన రోజుకు కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి కాబట్టి పీఏ చేతికి ముందే చేరాలి. జవాబు పార్లమెంటు వెబ్‌సైట్‌లో ఉండిపోతుంది, అది ఆర్టీఐ జవాబు కంటే బలమైన కాగితం.

సిగ్నళ్ల విషయంలో కూడా ఇదే దారి. 2023 అక్టోబర్ 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి-అలమండ మధ్య పలాస ప్యాసింజర్‌ను వెనక నుంచి రాయగడ ప్యాసింజర్ గుద్దితే 14 మంది చనిపోయారు. పాడైన ఆటో సిగ్నళ్లను దాటేటప్పుడు పాటించాల్సిన పద్ధతి పాటించలేదని ప్రాథమిక విచారణ సిబ్బంది వైపు చూపించింది. అదే ఏడాది జూన్‌లో బాలాసోర్‌లో సిగ్నల్ వైరింగ్ తప్పు వల్ల 290 మందికి పైగా పోయారు. బండ్లు గుద్దుకోకుండా ఆపే కవచ్ వ్యవస్థ తొలి పరీక్షలు జరిగింది మన లింగంపల్లి-వికారాబాద్ వైపే, దక్షిణ మధ్య రైల్వేలో మొదట 1,465 కిలోమీటర్లు వేశారు కూడా, కానీ కంటకాపల్లి లైన్‌లో అది లేదు. మీ సెక్షన్‌లో కవచ్ ఎప్పటికి, ఇంటర్‌లాకింగ్ (సిగ్నళ్లు, పాయింట్లు ఒకదానికొకటి పొంతన తప్పకుండా చూసే) పరికరాలు ఏ సంవత్సరానివి, గడువు ఎప్పుడు తీరుతుంది అని 33వ హెడ్ కింద అడగండి.

బ్లాకుల మీద కోపం వద్దు

ఇది కొంతమందికి నచ్చదు. డబ్బు వచ్చాక కావాల్సింది సమయం. బండ్లు ఆపి లైన్ ఖాళీగా ఇస్తేనే (దాన్నే బ్లాకు అంటారు) గ్యాంగ్, మెషీన్లు పని చేయగలవు. విజయవాడ చుట్టుపక్కల లైన్లలో బండి వెనక బండి, ఆ సందులో పట్టా ఎప్పుడు మార్చాలి? మూడో లైన్ కావాలనడానికి అసలు కారణాల్లో ఇదొకటి. మెము రద్దయిందని ధర్నా చేసేముందు ఆ బ్లాకులో ఏ పని పెట్టుకున్నారు, ఎంత అయింది అని అడగండి. బ్లాకు తీసుకుని, మెటీరియల్ రాక, సగం పని చేసి వదిలేస్తే అప్పుడు తిట్టండి, నేనూ కలుస్తాను. రద్దు చేసేటప్పుడు ముందుగా చెప్పారా, బదులు బస్సు ఏర్పాటు ఉందా అనేది న్యాయమైన గొడవే.

ఇక మీ పని పింక్ బుక్‌లోకి ఎక్కిందనుకుందాం, ఫిబ్రవరిలో చూసుకున్నారు, ఎదురుగా సరైన అంకె కూడా ఉంది. అక్కడితో ఆగొద్దు. చాలా పనులకు కేటాయింపు ఉంటుంది, టెండర్ ఆలస్యమై ఏడాది చివర ఆ డబ్బు వేరే పనికి మళ్లుతుంది. సెప్టెంబర్‌లో టెండర్ పిలిచారా లేదా ఐఆర్‌ఈపీఎస్ టెండర్ల సైట్‌లో డివిజన్ పేరుతో వెతకండి. డిసెంబర్ మొదట్లో రెండో ఆర్టీఐ పెట్టండి, ఒకే ప్రశ్నతో: ఫలానా ఐటమ్‌కు ఈ ఏడాది కేటాయింపు ఎంత, నవంబర్ 30 నాటికి ఖర్చు ఎంత. జవాబు జనవరిలో వస్తుంది, సవరించిన అంచనాలు బయటికొచ్చేది ఫిబ్రవరిలో. ఖర్చు సున్నా ఉంటే ఆ జవాబు నకలును డీఆర్‌ఎంకు, ఎంపీకి, మీ జిల్లా పేపరు విలేకరికి ఒకే రోజు పంపండి.